ఆరుగురు వెల్డర్లు, ఇరవై రోజులు
(భిలాయ్ తొలితరం తెలుగు మేస్త్రీల స్మారక ఉపన్యాస పాఠం)



ధర్మనిధి ఉపన్యాసాలకు మామూలుగా ఒక పెద్దమనిషి పేరు ఉంటుంది. ఈ నిధి పెట్టినవారు అలా చేయలేదు. భిలాయ్ కట్టడానికి వచ్చిన తొలితరం తెలుగు మేస్త్రీలందరి జ్ఞాపకార్థం అన్నారు. నాకు ఇచ్చిన విషయమేమో ప్రాజెక్టు షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక పనికి ఎన్ని రోజులు పడుతుందో మనుషుల ఉత్పాదకతను బట్టి అంచనా కట్టడం. ఈ రెంటికీ పొత్తు ఎక్కడ అని కొందరు అడిగారు. పని చూసి, చోటు చూసి, "ఇంతమంది కావాలి, ఇన్నాళ్లు పడుతుంది" అని చెప్పగలిగినవాణ్ణే మన ఊళ్లలో మేస్త్రీ అన్నారు. కంప్యూటర్ ఇప్పుడు చేయబోతున్నది ఆ పనే. అది ఎక్కడ సరిగ్గా చేస్తోందో, ఎక్కడ తప్పుతోందో ఆ మేస్త్రీల పేరు మీద చెప్పుకోవడం సబబే.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారం కట్టాలి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మధ్యలో నాలుగేళ్లు. సోవియట్ నిపుణుల తరఫున ఇక్కడి నిర్మాణాన్ని నడిపిన డిమ్‌షిత్స్ ఆ తర్వాత వాళ్ల దేశపు ప్రణాళికా సంస్థకే అధిపతి అయ్యాడు. మట్టి తవ్వినవాళ్లలో, ఇటుక మోసినవాళ్లలో, ఇనుప దూలాలకు తాళ్లు కట్టినవాళ్లలో చుట్టుపక్కల పల్లెల ఛత్తీస్‌గఢీ ఆడామగాతో పాటు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనవాళ్లూ ఉన్నారు. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లోనే పూర్తయింది కాబట్టి దారి అప్పటికే పడి ఉంది. గ్యాంగును తెచ్చేది మేస్త్రీ, హాజరీ వేసేది మేస్త్రీ, ఇంజినీరు ముందు నిలబడి రోజులు ఒప్పుకునేదీ మేస్త్రీయే.

భిలాయ్‌లో ఫర్నేస్ లేస్తున్న ఆ రోజుల్లోనే అమెరికాలో ఇప్పటి షెడ్యూలింగ్ పద్ధతులు పుట్టాయి. 1957లో డూపాంట్ కంపెనీ కోసం కెల్లీ, వాకర్ అనే ఇద్దరు క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించారు. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ తెచ్చింది. క్రిటికల్ పాత్ తొలి విజయాల్లో ఒకటి మనలాంటివాళ్లకు బాగా అర్థమయ్యేది. లూయీవిల్‌లోని డూపాంట్ ప్లాంటులో నిర్వహణ కోసం ఆపే షట్‌డౌన్ 125 గంటలు పట్టేది, దాన్ని 93 గంటలకు తెచ్చారు. అంటే ఈ విద్య షట్‌డౌన్‌లోనే రాటుదేలింది. షట్‌డౌన్ అంటే ఏమిటో భిలాయ్‌కు వేరే చెప్పనక్కర్లేదు.

పెర్ట్ మూడు అంకెలు అడుగుతుంది. అన్నీ కలిసొస్తే ఎన్నాళ్లు, మామూలుగా ఎన్నాళ్లు, అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు అని. మామూలు అంకెకు నాలుగు రెట్లు విలువిచ్చి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తుంది. ఈనాటి మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టూ, ప్రిమావెరా కూడా మనకు మొదట చూపించేది ఇంకా సులువైన దారి. పని పరిమాణం వేయి, ఒక మనిషి రోజుకు ఎంత చేస్తాడో వేయి, ఎంతమందో వేయి. రోజులు అవే వస్తాయి. మనుషుల్ని రెండింతలు చేస్తే రోజులు సగమవుతాయి. లెక్కలో తప్పు లేదు. లెక్కలోకి వెళ్లే మధ్య అంకె, అంటే "ఒక మనిషి రోజుకు" అనే అంకె, దాని గురించే నా ఉపన్యాసమంతా.

ఒక ఊహా పని తీసుకుందాం. 12 అంగుళాల గ్యాస్ పైపు, 240 జాయింట్లు. పైపు పనివాళ్లు వెల్డింగును అంగుళం-డయాల్లో కొలుస్తారు. 12 అంగుళాల పైపు జాయింటు ఒకటి వేస్తే 12 అంగుళం-డయాలు. మొత్తం 2,880. ప్లానింగ్ ఆఫీసు నార్ము ఒక వెల్డరుకు రోజుకు 24 అనుకుందాం. 120 వెల్డర్-రోజులు. ఆరుగురు వెల్డర్లు, ఇరవై రోజులు. తెర మీద నీలం పట్టీ చక్కగా ఇరవై గడులు సాగుతుంది.

ఇప్పుడు ఆ వెల్డరు వెంట నడుద్దాం. కాంట్రాక్టు మనిషి. ఉదయం గేటు దగ్గర పాసు చూపించి లోపలికి రావాలి. లోపల గేటు నుంచి పని చోటుకు దూరం ఉంది, ఆ దూరం సైకిల్ మీదో నడిచో వెళ్లాలి. హాజరీ, భద్రత మీద నాలుగు మాటలు. ఆ తర్వాత పర్మిట్. గ్యాస్ లైను కాబట్టి లైను విడదీసినట్టు కాగితం, కరెంటు తీసినట్టు కాగితం, కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో మీటరుతో చూసినట్టు కాగితం, నిప్పు పనికి అనుమతి. ఇవన్నీ చేతికొచ్చాక మంచె మీదికి కేబుల్ లాగాలి. మంచె నిన్న కట్టింది సరిగ్గా ఉందా చూసి చీటీ వేయాలి. ఫిట్టరు పైపు రెండు కొసలూ కలిపి టాక్ వేసి ఇస్తే గానీ వెల్డరు ముసుగు దించడు. మధ్యాహ్నం అన్నం. సాయంత్రం పని ఆపాక కేబుళ్లు చుట్టి, కింద నిప్పురవ్వలు మిగిలాయేమో చూసి, పర్మిట్ వాపసు ఇచ్చి బయటపడాలి. ఎనిమిది గంటల పనిలో నిజంగా ఆర్క్ వెలిగేది నాలుగు గంటలు ఉంటే మంచి రోజు. నార్ము ఆరు గంటల ఆర్క్ మీద కట్టింది అయితే 24 కాస్తా 16 అవుతుంది. 180 వెల్డర్-రోజులు. ఆరుగురికి ముప్పై రోజులు.

ఇక్కడ ఏ వెల్డరూ నెమ్మదిగా పనిచేయలేదని గమనించండి. అతని చెయ్యి గంటకు అంతే వేగంగా కదిలింది. మారింది అతని చేతికి పని అందిన తీరు. నేను చెప్పవలసిన మాట ఇదొక్కటే, మిగతాదంతా దీని వివరణ. ఉత్పాదకత అనే అంకెను మనిషి పేరు ఎదురుగా రాస్తాం, కానీ అది ఆ చోటుకూ, ఆ ఏర్పాటుకూ చెందిన అంకె. గేటు, పర్మిట్, క్రేను, మంచె, మే నెల ఎండ, డ్రాయింగు ఆలస్యం, ఇవన్నీ కలిసి ఆ అంకెను తయారుచేస్తాయి. మనిషి నైపుణ్యం వాటిలో ఒక పాలు.

మేస్త్రీలకు ఇది తెలుసు. ఊళ్లో ఎకరా ఊడుపుకు ఎంతమంది కావాలని అడిగితే ఏ మేస్త్రీ అయినా అంకె వెంటనే చెప్పడు. దమ్ము ఎలా పట్టింది, నారు ఎక్కడ పడేశారు, నీళ్లు ఎంత నిలిచాయి అని అడుగుతాడు. సాఫ్ట్‌వేర్ ఆ మూడూ అడగదు. అంకె వేసే గడి మాత్రం చూపిస్తుంది.

పర్మిట్ గంటల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కొన్ని సమీక్షల్లో ఆ గంటల్ని వృథా కింద లెక్కేసి, తగ్గించమని ఒత్తిడి తెస్తుంటారు. 2018 అక్టోబర్ 9న ఇక్కడి కోక్ ఓవెన్ గ్యాస్ లైను దగ్గర నిర్వహణ పని జరుగుతున్న వేళ మంటలు చెలరేగి ఎందరి ప్రాణాలు పోయాయో ఈ సభలో తెలియనివారు లేరు. దాని కారణాల్లోకి నేను వెళ్లడం లేదు. గ్యాస్ ప్లాంటులో మీటరు పెట్టి చూసే సమయం పనిలో భాగం అని మాత్రం అంటున్నాను. అది షెడ్యూలులో వేరే పట్టీగా, పేరుతో సహా కనిపించాలి. నార్ములో కలిపి దాచేస్తే, ఆలస్యమైన రోజున మొదట కోత పడేది దానికే.

ఉత్పాదకతను మనిషికి అంటగట్టే అలవాటు ఎక్కడిదో కూడా చూద్దాం. అదీ ఉక్కు కర్మాగారంలో పుట్టిందే. 1899లో అమెరికాలోని బెత్లెహెం స్టీల్‌లో ఫ్రెడరిక్ టేలర్ పోత ఇనుము దిమ్మెలు మోయించాడు. దిమ్మె 92 పౌన్లు, అంటే సుమారు 42 కిలోలు. రోజుకు పన్నెండున్నర టన్నులు మోసే మనిషి చేత నలభై ఏడున్నర టన్నులు మోయించానని 1911 నాటి పుస్తకంలో రాశాడు. ఆ కథనంలో అతిశయం ఎంతో 1970లలో పరిశోధకులు పత్రాలు తిరగేసి చూపించారు. అయినా అదే పుస్తకంలో అందరూ దాటేసే ఇంకో అంకె ఉంది. అంత బరువు మోసే మనిషి రోజులో 43 శాతం సమయమే బరువు కింద ఉండాలి, మిగతా 57 శాతం బరువు లేకుండా ఉండాలి అని టేలరే రాశాడు. కూలీల నుంచి ఆఖరి చుక్క పిండాడని పేరు పడ్డవాడే, విశ్రాంతి లేకపోతే ఆ టన్నులు రావని లెక్క కట్టాడు. నలభై ఏడున్నర లోకమంతా తిరిగింది. యాభై ఏడును మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

భిలాయ్‌కూ దీనికీ నేరుగా సంబంధం ఉంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మానవశాస్త్రం బోధించిన జోనాథన్ ప్యారీ 1990ల నుంచి ఇక్కడ మన కార్మికుల మధ్య ఏళ్ల తరబడి తిరిగి రాశాడు. కోక్ ఓవెన్ల దగ్గర పని ఎడతెగకుండా సాగదనీ, దంచినట్టు కొంతసేపు సాగి తర్వాత తీరిక వస్తుందనీ, పర్మినెంట్ కార్మికులు తమలో తాము వంతులు వేసుకుని ఆ వేడిని పంచుకుంటారనీ ఆయన చూశాడు. బయటివాడికి అది ఖాళీగా కూర్చోవడంలా కనిపిస్తుంది. ఓవెన్ తలుపు దగ్గర నిలబడ్డవాడికి అది ఊపిరి తీసుకునే సమయం. పక్కనే కాంట్రాక్టు మనుషులు తక్కువ కూలికి ఎక్కువసేపు ఒళ్లు వంచడమూ ఆయన రాశాడు. ప్లానింగ్ ఇంజినీరు నార్ము కట్టేటప్పుడు ఈ రెండు గుంపుల్లో ఎవరిని చూసి కడుతున్నాడు? పర్మినెంట్ కార్మికుణ్ణి చూసి కట్టిన విశ్రాంతి కాంట్రాక్టు మనిషికీ దక్కుతుందా? రిజిస్టరులో ఇద్దరి పేరూ "మ్యాన్-డే" అనే ఉంటుంది.

ఇప్పుడు సగటు సంగతి. ఇది చిన్న లెక్కే, కానీ దీనివల్ల నష్టపోయినన్ని షెడ్యూళ్లు వేరే దేనివల్లా నష్టపోలేదని నా నమ్మకం. రెండు గ్యాంగులు ఉన్నాయి. చెరో 240 యూనిట్ల పని. మొదటి గ్యాంగు చోటు విశాలం, రోజుకు 24 చేస్తుంది. రెండోది ఇరుకు గోతిలో, రోజుకు 8. వేగాల సగటు 16. ఆ లెక్కన సాఫ్ట్‌వేర్ రెంటికీ 15 రోజులు ఇస్తుంది. నిజంగా మొదటిది 10 రోజుల్లో ముగిస్తుంది, రెండోది 30 రోజుల్లో. రోజుల సగటు తీసినా 20. ఆ రెండూ పూర్తయితే గానీ పై పని మొదలవదంటే, లెక్కకొచ్చేది ముప్పయ్యే. పదిహేనుకు రెండింతలు. ఇక్కడ ఎవరూ సోమరులు కారు, అనుకోని అవాంతరమూ రాలేదు. వేగాన్ని సగటు తీసి దాని మీద రోజులు కట్టడమే పొరపాటు. నెమ్మదిగా సాగే చోటు తినేసే రోజుల్ని వేగంగా సాగే చోటు తిరిగి ఇవ్వలేదు. అందుకని నార్ము ఒక్క అంకెగా ఉండకూడదు. నేల మీద ఒకటి, ఎత్తు మీద ఒకటి, గోతిలో ఒకటి, నడుస్తున్న లైను పక్కన ఒకటి ఉండాలి.

"మనుషుల్ని రెట్టింపు చెయ్యండి" అనే మాట ఇక వస్తుంది. మన ఊహా పైపుకే వెళ్దాం. ముప్పై రోజులు కుదరదన్నారు, పన్నెండుమంది వెల్డర్లను పెట్టారు. రోజుకు 16 చొప్పున 192, పదిహేను రోజులు. తెర ఒప్పుకుంటుంది. కానీ పైపును ఎత్తి పట్టుకునే క్రేను ఒక్కటే. అది రోజుకు పది జాయింట్లు కుదర్చగలదు. పది జాయింట్లంటే 120. పన్నెండుమందినే కాదు, ఇరవైమందిని పెట్టినా 240 జాయింట్లకు 24 రోజులు తప్పవు. పన్నెండుమంది లెక్కన వెల్డరు ఉత్పాదకత పదికి పడిపోయిందని నెలాఖరు నివేదికలో వస్తుంది. కాంట్రాక్టరు బిల్లులో కోత పడుతుంది, ఆ కోత చివరికి కూలి మీదికి జారుతుంది. క్రేను పేరు ఎక్కడా రాదు. సాఫ్ట్‌వేర్ పనుల గురించి ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ మాట రాశాడు, ఆలస్యమైన పనిలో కొత్త మనుషుల్ని దింపితే ఇంకా ఆలస్యమవుతుందని. ఇనుము పనిలో కొత్తవాడికి ప్రోగ్రాం నేర్పనక్కర్లేదు. నిలబడటానికి చోటు మాత్రం చూపించాలి.

మనుషుల సంఖ్యతో సంబంధమే లేని రోజులూ ఉంటాయి. కొత్త కోక్ ఓవెన్ బ్యాటరీని కట్టాక వేడెక్కించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. సిలికా ఇటుక వేడికి వ్యాకోచిస్తుంది, తొందరపడితే గోడలు బీటలు వారతాయి. అక్కడ వందమందిని నిలబెట్టినా ఒక్క రోజూ తగ్గదు. కాంక్రీటు స్లాబు కింద ఆధారాలు తీయడానికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఆగమంటుంది. ఇలాంటి పనుల్ని సాఫ్ట్‌వేర్‌లో నిర్ణీత వ్యవధి కింద వేయాలి. దానికి వీలుంది. కానీ ఏదో ఒక హడావుడిలో అన్నింటినీ శ్రమను బట్టి మారే పనులుగానే వదిలేస్తే, మనుషుల్ని పెంచిన మరుక్షణం స్లాబు కూడా త్వరగా గట్టిపడిపోతుంది, తెర మీద.

నార్ములు అచ్చు వేసినవారికి ఈ జాగ్రత్త లేదనుకోకండి. 1974లో మన ప్రమాణాల సంస్థ భవన నిర్మాణానికి కూలీల పని పరిమాణాలను ఐఎస్ 7272గా వెలువరించింది. దాని మొదటి భాగం పేరులోనే "ఉత్తర మండలం" అని ఉంది. అంకెకు ఒక చోటు ఉంటుందని ఆ కమిటీకి తెలుసు. సోవియట్ దేశంలో నిర్మాణ పనులకు దేశమంతటికీ ఒకే నార్ముల పుస్తకాలు ఉండేవి. వాటిలోనూ చలికాలానికి వేరే లెక్క ఉండేది. మన దగ్గర పుస్తకంలోంచి అంకె ఎక్సెల్‌లోకి, ఎక్సెల్ నుంచి ప్రిమావెరాలోకి ప్రయాణం చేస్తుంది. ప్రయాణంలో చోటు పేరు రాలిపోతుంది. మే నెలలో భిలాయ్‌లో 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఇనుప మంచె మీద, ఆ అంకెను మనిషి నెత్తిన పెడతాం.

ఆలస్యాలు ఏ ఒక్కరి అసమర్థతవల్లో రావు. మన ప్లాంటు విస్తరణ 2013 ప్రాంతంలో పూర్తవుతుందని మొదట అనుకున్నారు. మహామాయ అని పేరు పెట్టుకున్న 8వ బ్లాస్ట్ ఫర్నేస్ 2018 ఫిబ్రవరిలో వెలిగింది. విశాఖ ఉక్కుకు 1971 జనవరిలో శంకుస్థాపన జరిగితే, గోదావరి అనే మొదటి ఫర్నేస్ 1990లో వెలిగింది. వీటిలో డబ్బు, భూమి, యంత్రాల సరఫరా, రాజకీయం అన్నీ ఉన్నాయి. కానీ మనుషులు తమ పనికి పట్టే కాలాన్ని ఎప్పుడూ తక్కువ చేసే ఊహిస్తారని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో చెప్పారు. దానికి వాళ్లు చెప్పిన మందు కూడా సాదాదే. ఈ పని లోపలి వివరాల్లోంచి మాత్రమే ఊహించకండి, ఇలాంటి పనులకు ఇంతకుముందు ఎన్నాళ్లు పట్టిందో చూడండి అన్నారు.

చూడాలంటే రికార్డు ఉండాలి. ఇదే మన అసలు లోటు. రోజువారీ పని నివేదికలో ఇప్పుడు మూడు గడులు నింపుతున్నాం: ఎంత పని జరిగింది, ఎంతమంది వచ్చారు, ఏ కాంట్రాక్టరు. వీటికి ఇంకో మూడు కలపమని ప్లానింగ్‌లో ఉన్న యువ ఇంజినీర్లను అడుగుతున్నాను. పర్మిట్ చేతికి వచ్చిన సమయం, రోజులో మొదటి ఆర్క్ వెలిగిన సమయం, పని ఆగితే దేనికోసం ఆగింది. కారణం రాసేటప్పుడు "లేబర్" అనే మాట వాడొద్దు. క్రేను, డ్రాయింగు, గ్యాస్, మంచె, వాన, ఎండ, ఏది నిజమైతే అది రాయండి. ఒక కేపిటల్ రిపేరు ముగిసేసరికి మీ దగ్గర ఏ పుస్తకంలోనూ లేని నార్ములు ఉంటాయి, చోటు పేరుతో సహా. వచ్చే షట్‌డౌన్‌కు అవే వేయండి. వేసే ముందు ఒకసారి గ్యాంగు మేస్త్రీకి చదివి వినిపించండి. "అక్కడ కుదరదు సార్" అని అతనంటే ఎందుకని అడిగి, ఆ జవాబు కూడా అదే గడిలో రాయండి.

కాంట్రాక్టు ముగిసినప్పుడు హాజరీ పుస్తకం కాంట్రాక్టరుతో పాటే గేటు దాటిపోతుంది. అందులో ఆ పని నిజంగా తీసుకున్న రోజులన్నీ ఉంటాయి. బిల్లు చివరి భాగం చెల్లించే ముందు ఆ పుస్తకం నకలు ప్లానింగ్ ఆఫీసుకు ఇవ్వాలని టెండరులోనే ఒక షరతు పెట్టవచ్చు. కూలి వివరాలు, పేర్లు తీసేసి తేదీలు, సంఖ్యలు ఉంచితే చాలు. ఇది పెద్ద ఖర్చు కాదు. ఇక్కడున్న పెద్దల ఇళ్లలో పాత గ్యాంగుల మస్టరు పుస్తకాలు, మేస్త్రీలు పెన్సిలుతో లెక్కలు రాసుకున్న చిట్టాలు ఇంకా ఉండే ఉంటాయి. వాటిని కాగితం చెదిరిపోకముందే స్కాన్ చేయించి పెట్టే పనికి ఈ ధర్మనిధి వడ్డీలో కొంత వాడమని నిర్వాహకులను కోరుతున్నాను. మొదటి విడతకు మనుషులు కావాలి, సెక్టార్లవారీగా ఇల్లిల్లూ తిరిగి అడగడానికి. పేరు ఇవ్వదలచినవారు సభ ముగిశాక నన్ను కలవండి.